ఒంటికణత నొప్పి గురించి అమ్మమ్మ రాసింది

శ్రీకాకుళం

ఒలే పెద్దదానా, ఒరే చిన్నోడా,

మొన్న ఫోన్లో పెద్దది "అమ్మమ్మా, ఒక పక్క కణతలో ఎవరో రోకలేసి దంచుతున్నట్టుంది, నీ శొంఠి వైద్యమేదో వాట్సాప్‌లో పెట్టు" అంది. తల పగిలిపోతున్నప్పుడు ఆ ఫోను వెలుగే నీకు పడదు కదే! అందుకే కాగితం మీద రాస్తున్నాను. చిన్నోడా, ఇది అక్కకి కదా అని పక్కన పడెయ్యకు. మా అమ్మకుంది, నాకుంది, మీ అమ్మకుంది, ఇప్పుడు దీనికి దిగింది. మగాళ్ళకంటే ఆడవాళ్ళకి ఎక్కువే గానీ, మగపిల్లల జోలికి రాదని ఎవరూ రాసివ్వలేదు.

మైగ్రేన్ అన్న మాట మాకు తెలీదు. పార్శ్వపు నొప్పి అనేవారు. ఆయుర్వేదంలో సగం తలనొప్పి అర్ధావభేదకం, పొద్దుతో పెరిగి పొద్దుతో తగ్గేది సూర్యావర్తం. అరసవల్లి పక్కనే ఉంటూ సూర్యుడి మీద నేరం మోపడం బాగోదు గానీ, రోహిణి కార్తె ఎండ నా తలకి ఏనాడూ మేలు చెయ్యలేదు.

నాకు నొప్పికంటే ముందు కళ్ళకి తెలుస్తుంది. మొదటిసారి బియ్యం ఏరుతున్నాను. చేటలో ఒకచోట గింజలు మాయమయ్యాయి. ఆ ఖాళీ చుట్టూ మెరుస్తూ ఒక వంకర గీత, కోటగోడ మీది పళ్ళలాగ. కళ్ళు పోయాయని ఏడుస్తూ కూర్చున్నాను. అరగంటకి గీత పోయింది, నొప్పి వచ్చింది. ఏళ్ళ తర్వాత డాక్టరమ్మతో చెబితే, ఇంగ్లీషువాళ్ళూ దీన్ని కోటగోడతోనే పోల్చారంది. ఇది అందరికీ కనబడదు. కనబడితే 5 నిమిషాల నుంచి గంట దాకా ఉంటుంది. నొప్పిని దాని మానాన వదిలేస్తే 4 గంటల్లో పోవచ్చు, 72 గంటలూ కూర్చోవచ్చు.

అందుకే మొదటి గంటని పోనివ్వకూడదు. ముదిరిందంటే కడుపు కూడా మొరాయిస్తుంది, ఏం మింగినా ఒంటికి పట్టదు. గది చీకటి చేసి, ఫ్యాను కింద పడుకో. కుండనీళ్ళలో తువ్వాలు ముంచి పిండి నుదుటి మీద, మెడ వెనకాల వేసుకో. ఐసైతే గుడ్డలో చుట్టి ఓ పావుగంట, అంతే. నీళ్ళు గుక్కగుక్కగా తాగు. కడుపులో తిప్పుతుంటే బొటనవేలి గోరంత అల్లం దంచి, గ్లాసు నీళ్ళలో మరిగించి తాగు. వికారానికి అల్లం మంచిదన్నది ఉత్త అమ్మమ్మల మాట కాదు. మొదట్లోనే చిన్న గ్లాసు కాఫీ కొందరికి పనిచేస్తుంది, నాకు చేస్తుంది. అదే రోజూ నాలుగు గ్లాసులు తాగి ఒకరోజు మానితే, ఆ మానినందుకే తల నొస్తుంది.

ఇక శొంఠి. కొమ్ముని సాన మీద నాలుగు చుక్కల నీళ్ళతో అరగదీసి కణతకి పట్టు వేస్తే ఆ మంటకి నొప్పి కాసేపు మరుగున పడుతుంది. రోగం పోదు. పట్టు ఎండేదాకా ఉంచుకుని నిద్రపోయానొకసారి. లేచేసరికి కణత కమిలి నల్లగా అయింది, వారం రోజులు పెళ్ళిళ్ళకి వెళ్ళలేదు! పల్చగా రాసి, పది నిమిషాలకి కడిగెయ్యి. కంటి దగ్గరకి పోనివ్వకు. ముక్కులో ఆకు పసరు పిండుతామని ఎవరైనా వస్తే మాత్రం తలుపు తియ్యకు.

మాత్రల సంగతి దాచను. మీ అమ్మ చిన్నప్పుడు మందుల కొట్లో అడిగి తెచ్చుకుని రోజూ మింగేదాన్ని. అప్పుడేటైందంటే, నెలకి రెండుసార్లొచ్చే నొప్పి రోజూ రావడం మొదలెట్టింది. నెలలో 15 రోజులో అంతకు మించో నొప్పి మాత్రలు వాడుతూపోతే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయని డాక్టరమ్మ చెప్పింది. కొన్ని మాత్రలకి 10 రోజులే హద్దట. పైగా నేను ఉద్దానం ఆడపడుచుని. కవిటి, సోంపేట వైపు కిడ్నీలు పాడై డయాలసిస్‌కి తిరిగేవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఆ జబ్బుకి కారణం ఇదీ అని తేల్చలేదు గానీ, నొప్పి మాత్రలు అతిగా మింగితే కిడ్నీకి చేటన్నది తేలిన మాటే. అలాగని మాత్ర విషం కాదు. డాక్టరు రాసిస్తే, చెప్పినన్నే వేసుకో. ఆస్పిరిన్ మాత్రం పిల్లలు సొంతంగా ముట్టకూడదు.

అసలు దీన్ని పిలిచేది ఎవరో కనిపెట్టాలి. ఒక ఏడు పైడితల్లమ్మ జాతరలో పూజారిని పొడుగాటి మాను మీద కూర్చోబెట్టి తిప్పే సిరిమాను చూడ్డానికి విజయనగరం వెళ్ళి, సిరిమాను తిరిగాకే తింటానని పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదు. ఎండ, జనం, డప్పులు, అగరొత్తుల పొగ. పైడితల్లమ్మకి దణ్ణం పెట్టేలోపే అరుగు మీద పడిపోయాను. ఎండ ఒక్కటే అయితే తట్టుకునేదాన్నేమో, ఖాళీ కడుపు కూడా తోడైంది. నువ్వు హాస్టల్లో టిఫిను మానేస్తున్నావని నాకు తెలుసు. ఆదివారం పదింటిదాకా పడుకుంటున్నావనీ తెలుసు. నిద్ర తక్కువైనా దీనికి పడదు, ఎక్కువైనా పడదు. క్యాలెండర్లో నొప్పి వచ్చిన రోజుకి సున్నా చుట్టి, ముందురోజు ఏం తిన్నావు, ఎప్పుడు పడుకున్నావు, నెలసరి ఎప్పుడు అని పక్కన రాయి. రెండు మూడు నెలలకి దొంగ దొరుకుతుంది.

చిన్నోడా, ఇది నీకు. అక్కకి పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా ఎప్పుడూ లేనంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, తలకి దెబ్బ తగిలాక నొప్పి మొదలైనా శొంఠి వెతక్కు. 108కి ఫోన్ చెయ్యి.

బస్సులో వచ్చే మీ మావయ్య చేత చోళ్ళ పిండి (అదే, రాగి పిండి), రెండు శొంఠి కొమ్ములు పంపుతున్నాను. పిండి రాత్రి కలిపి ఉంచి పొద్దున్న అంబలి కాచుకో, ఉప్పు, మజ్జిగ వేసుకుని గ్లాసుడు తాగి అప్పుడు కాలేజీకి వెళ్ళు. డబ్బా తిరిగి పంపండి, అది మీ తాతది.

మీ అమ్మమ్మ