లోహపు గాజులో చిటికెడు మూలకం

లాడిల్‌లోని, అంటే కరిగిన లోహాన్ని మోసే పెద్ద పాత్రలోని ద్రవ ఉక్కులో ఫెర్రో మాంగనీసు, ఫెర్రో సిలికాన్ ఏ పాళ్లలో పడ్డాయన్నదాన్ని బట్టే కడ్డీ గుణం తేలుతుందని విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికి వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ ఆ మార్పు చాలావరకు స్ఫటిక రేణువుల ద్వారా జరుగుతుంది. పరమాణువులు గాజులోలా వరుస లేకుండా గడ్డకట్టిన, రేణువులే లేని లోహపు గాజులో అదే చిటికెడు మూలకం దేని మీద పనిచేస్తుందన్నది ఇంకా నలుగుతున్న ప్రశ్న.

1960లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో పాల్ డ్యూవెజ్ బృందం బంగారం, సిలికాన్‌ల ద్రవాన్ని సెకనుకు సుమారు 10 లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చి, పరమాణువులకు వరుస కట్టే వ్యవధి లేకుండా చేసింది. పలుచని రేకులను దాటి మందమైన కడ్డీలు పోయాలన్నదే ఆ తర్వాతి తపన. 1993లో పెకర్, జాన్సన్ రూపొందించిన ప్రసిద్ధ మిశ్రమంలో ప్రధాన లోహమైన జిర్కోనియం మన భీమిలి ఇసుకలోనూ ఉండే జిర్కాన్ ఖనిజంలోనిదే. 2004లో ఇనుము మిశ్రమానికి 1.5 శాతం యిట్రియం చేర్చితే 12 మిల్లీమీటర్ల మందాన గాజు ఏర్పడింది, కానీ ఆ జాతి ఉక్కులు పెళుసుగానే మిగిలాయి. గాజు సులువుగా ఏర్పడటం ఒకటి, సాగడం మరొకటి అని నా దృష్టిలో అక్కడే తేటతెల్లమైంది.

అమార్ఫస్ కోర్ ట్రాన్స్‌ఫార్మర్లలో వాడే లోహపు గాజు రిబ్బన్ మందం సుమారు 25 మైక్రాన్లు. కొత్తగా తీసిన ముక్కను కొనలు కలిసేలా మడిచినా విరగదు. అనీలింగ్ చేశాక, అంటే కొంతసేపు వేడిలో ఉంచి చల్లార్చాక, అదే ముక్క ఎండు కొబ్బరాకులా పుటుక్కుమంటుంది. కూర్పు మారలేదు, పరమాణువుల మధ్య ఖాళీ తగ్గిందంతే. ఆ ఖాళీ ఉన్నచోటే జారుడు మొదలై, సుమారు 10 నుంచి 20 నానోమీటర్ల మందమున్న సన్నని జారుడు పట్టీగా, అంటే షియర్ బ్యాండ్‌గా పరుగెడుతుంది. ఒక్కటే పరుగెడితే లోహం తెగుతుంది, అనేకం పుట్టి ఒకదానికొకటి అడ్డుపడితే సాగుతుంది.

2005లో లెవాండోవ్‌స్కీ, వాంగ్, గ్రీర్ దీనికి ఒక కొలత చూపారు: పాయిజాన్ నిష్పత్తి (లాగినప్పుడు పొడవు పెరిగే పాలుకు అడ్డంగా సన్నబడే పాలు ఎంతో చెప్పేది) దాదాపు 0.31 నుంచి 0.32 దాటిన గాజులు సాగే స్వభావం చూపుతాయి, తగ్గినవి పెళుసువి. అదే ఏడాది రాగి, జిర్కోనియం గాజుకు 5 శాతం అల్యూమినియం చేర్చిన బృందం, నొక్కుడు పరీక్షలో 18 శాతం వరకు రూపం మారడాన్ని చూసి, పరమాణు స్థాయిలోని అసమానతలే షియర్ బ్యాండ్లను చీల్చాయని వివరించింది. అయితే ఇది నొక్కినప్పటి సంగతి. లాగి చూస్తే ఇలాంటి గాజులు దాదాపు ఏమీ సాగవు.

తూకం వేయకుండానే చేరే మూలకం కూడా ఒకటుంది. జిర్కోనియం గాజులో కాస్త ఆక్సిజన్ చేరితే చాలు, స్ఫటికాలు తలెత్తి పెళుసుతనం పెరుగుతుంది. అందుకే ఆర్గాన్ అనే జడవాయువు నింపిన, విద్యుత్ ఆర్క్‌తో కరిగించే కొలిమిలో అసలు మిశ్రమం కంటే ముందు టైటానియం ముక్కను కరిగించి, ఆ వాయువులో మిగిలిన ఆక్సిజన్‌ను దానిచేత పీల్పిస్తారు.