‘గుడ్ల సెంటర్’ అనే మాట మీద నాకున్న పేచీ: అపోహలు, వాస్తవాలు

మాది దేవరకొండ వైపు ఒక పల్లె. ఇరవై ఏళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌గా చేస్తున్నాను. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు మా సెంటర్‌కు దారి అడిగితే, "గుడ్ల సెంటరా? అగో, ట్యాంకు పక్కకున్నది" అంటారు. మొదట్లో నవ్వేదాన్ని. ఇప్పుడు కోపం వస్తుంది. ఊళ్లో పుట్టిన ఆ మాట ఊళ్లోనే ఆగదు కదా, పైసలు పంచేవాళ్ల దాకా పోతుంది.

అపోహ: అంగన్‌వాడీ అంటే తిండి పెట్టి పంపే చోటు

తిండి పెడతాం, అందులో సిగ్గేముంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. ఆరు నెలలు దాటి ఐదేళ్లు నిండని పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒంట్లో రక్తం లేని పిల్లవాడు గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఆడడు, అడగడు. అందరూ వాడిని ‘మొద్దు’ అంటారు. కాబట్టి గుడ్డును చదువు నుంచి విడదీసి మాట్లాడటం నాకు చేతకాదు.

1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలను నడిపే పథకం ఐసీడీఎస్ 33 బ్లాకుల్లో మొదలైనప్పుడే, అది ఇచ్చే ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. చిక్కల్లా ఏమిటంటే, గుడ్లకు స్టాకు రిజిస్టర్ ఉంటుంది. తక్కువ పడితే ఊరంతా అడుగుతుంది. ఈ వారం పిల్లలకు ఏ కథ చెప్పావని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ నన్ను అడగలేదు.

అపోహ: మూడేళ్లకే రాయించకపోతే వెనకబడతారు

ఇది తల్లిదండ్రుల అపోహ మాత్రమే కాదు, ఒకప్పుడు నాదీ. ప్రైవేటు బడి పసుపు రంగు బస్సు ఊళ్లోకి రావడం మొదలైన ఏడాది మా సెంటర్ సగం ఖాళీ అయింది. "ఆడ ఏబీసీడీలు రాపిస్తున్నరు, నీ దగ్గర ఆటలేనాయె" అన్నారు. నాకూ టెన్షన్ పట్టుకుంది. మూడేళ్ల పిల్లల చేతికి పలకలిచ్చి అ, ఆలు దిద్దించాను. తండా నుంచి వచ్చే ఒక బాబు బలపం గుప్పిట్లో పట్టుకుని నొక్కేవాడు, అది విరిగేది, నేను కసిరేదాన్ని. పది రోజులకు వాడు రావడం మానేశాడు. ఇంటికి వెళ్తే నన్ను చూసి గాబు వెనక దాక్కున్నాడు. ఆ తప్పు నాదే.

బలపం పట్టాలంటే ముందు వేళ్లకు బలం రావాలి. అది చింతగింజలు ఏరితే వస్తుంది, మట్టి పిసికితే వస్తుంది, చిక్కుడుకాయ ఒలిస్తే వస్తుంది. పెద్ద గింజలు ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప పెట్టడం లెక్కలకు మొదటి మెట్టు. "కథలో తర్వాతేమైంది?" అని అడిగితే ఆలోచించి చెప్పడమే రేపటి చదవడానికి పునాది. ఇంకో సంగతి, ఆ తండా బాబుకు ఇంట్లో తెలుగే లేదు. అమ్మను ‘యాడీ’ అని పిలిచే పిల్లవాడికి ‘అమ్మ’ అనే మాటతో అక్షరం మొదలుపెట్టాను నేను! తర్వాత మా ఆయమ్మ దగ్గర లంబాడీ మాటలు నేర్చుకున్నాను. ఆమెది ఆ తండానే. ఆ ఏడాది సెంటర్‌లో అసలు టీచర్ ఆమే అనుకోండి.

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది. ఈ వయసుకు ఆటే చదువు అని అదే కాగితం అంటుంది. నర్సరీ ఫీజుకు అప్పు తెచ్చే తండ్రికి ఆ ముక్క ఎవరు చెప్పారు?

అపోహ: చిన్నపిల్లలే కదా, ఎవరైనా చూసుకుంటారు

పత్తి ఏరే రోజుల్లో ఆ ‘ఎవరైనా’ ఎవరో మా ఊళ్లో చూడండి. మూడో తరగతి చదివే అక్క. చంకన తమ్ముడు, బడి హాజరులో సున్నా. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు, పని చోటుకు ఐదుగురు, అంతకు మించి పసిపిల్లలు వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక ఆమెను పెట్టాలని, ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. పత్తి చేలకు అలాంటి రాత లేదు. మూడేళ్ల లోపు పిల్లలకు పగలంతా నడిచే శిశు సంరక్షణ కేంద్రం ఉంటే తల్లి కూలి, అక్క చదువు, పసివాడి పాలు మూడూ నిలబడతాయి.

అపోహ: గోడలకు బొమ్మలేస్తే నాణ్యత వచ్చినట్టే

రంగులు బాగుంటాయి. వారం తర్వాత పిల్లలు వాటి వైపు చూడరు.

అపోహ: ఇది తిరిగిరాని ఖర్చు

శిక్షణల్లో అమెరికాలోని ఒక ప్రయోగం గురించి చెబుతారు. 1962-67 మధ్య మిషిగన్ రాష్ట్రంలోని యిప్సిలాంటిలో 123 మంది పేద నల్లజాతి పిల్లల్లో 58 మందిని ప్రీస్కూల్‌కు పంపారు, మిగతావాళ్లను పంపలేదు. నలభై ఏళ్ల వయసు దాకా అందరినీ గమనించారు. ఐక్యూలో వచ్చిన తేడా కొన్నేళ్లకే చెరిగిపోయింది. బడి పూర్తిచేయడంలో, సంపాదనలో, పోలీసు కేసుల్లో తేడా మాత్రం మిగిలింది. నోబెల్ పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ బృందం పెట్టిన ఖర్చు మీద ఏడాదికి 7 నుంచి 10 శాతం రాబడి అని లెక్కగట్టింది.

అక్కడికి చెప్పి ఆపేస్తారు. ఆ ప్రీస్కూల్‌లో డిగ్రీ చదివిన టీచర్లు, ఒక్కొక్కరికి ఆరుగురు పిల్లలు, వారం వారం ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడటం ఉన్నాయని చెప్పరు. పసిపిల్లల సంరక్షణ, విద్య మీద మన 2013 జాతీయ విధానం కూడా మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి ఒకరు, మూడేళ్ల లోపువాళ్లయితే పది మందికి ఒకరు ఉండాలంది. నేను ఒక్కదాన్నే మూడేళ్లవాళ్లకూ ఐదేళ్లవాళ్లకూ పాఠం చెబుతాను, బరువులు తూస్తాను, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్ నింపుతాను, గర్భిణుల ఇళ్లకు పోతాను. నెలకు వచ్చే 13,650 రూపాయలను జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. అక్కడి రాబడి కావాలంటే అక్కడిలా మనుషుల్ని పెట్టాలి.

అపోహ: చట్టం ఉంది కదా

ఉంది, కానీ ఆరేళ్లు నిండిన పిల్లల నుంచే. విద్యాహక్కు చట్టం 2009లోని 11వ సెక్షన్ మూడు నుంచి ఆరేళ్ల పిల్లల గురించి ప్రభుత్వం ‘ఏర్పాట్లు చేయవచ్చు’ అంటుంది. ‘చేయాలి’ అనదు. రాజ్యాంగం 45వ అధికరణ ‘ప్రయత్నించాలి’ దగ్గర ఆగింది. ఒక్క క్రియాపదం మారితే కోర్టుకు వెళ్లి అడగొచ్చు, బడ్జెట్‌లో పట్టుబట్టొచ్చు.

నెలనెలా మేమిచ్చే సరుకుల ఇండెంట్‌లో బియ్యానికి, పప్పుకు, నూనెకు, గుడ్లకు గడులున్నాయి. రెండో టీచర్‌కు గడి లేదు. పోయిన నెల కాగితం అడుగున ఖాళీ జాగాలో రాసి పంపాను. సూపర్‌వైజర్ మేడమ్ చూసి, "ఇదేంది?" అన్నారు. ఈ నెల కూడా రాశాను, కాస్త పెద్ద అక్షరాలతో.