బొమ్మను చదివాడా, మాటను చదివాడా?

చదవడం మొదలుపెట్టిన పిల్లాడికి ఫ్లాష్‌కార్డు చూపిస్తాం. పైన కుక్క బొమ్మ, కింద ఇంగ్లీషులో 'డాగ్'. పిల్లాడు గట్టిగా "డాగ్" అంటాడు, మనం చప్పట్లు కొడతాం. బొమ్మను చేత్తో మూసి మళ్లీ అడిగితే మాత్రం కార్డు వదిలేసి మన ముఖంలోకి చూస్తాడు. ఇంగ్లీషు చదవడం ఎలా నేర్పాలన్న విషయంలో తరతరాలుగా నలుగుతున్న గొడవలో పెద్ద భాగం ఇదే.

బొమ్మతో చదువు చెప్పడం కొత్తేమీ కాదు. 1658లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో అచ్చయిన, చెక్ విద్యావేత్త కొమీనియస్ బొమ్మల పుస్తకం ఒక అక్షరమాలతో మొదలవుతుంది. కాకి అరుపు ఒక అక్షరానికి, గొర్రె అరుపు ఇంకోదానికి, పాము బుస 'ఎస్'కి. ఆ పేజీలో బొమ్మకు ఒకటే పని: అక్షరం ఏ ధ్వని పలుకుతుందో గుర్తుచేయడం. మాట మొత్తాన్ని చూపించేయడం దాని పని కాదు. తర్వాతి కాలంలో ఈ తేడానే మరుగున పడింది.

1840ల్లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో విద్యా బోర్డు కార్యదర్శిగా ఉన్న హోరేస్ మాన్‌కి విడి అక్షరాలు వల్లె వేయించడం గిట్టేది కాదు. రక్తమాంసాలు లేని అస్థిపంజరాల్లాంటి ఆ ఆకారాలతో కాకుండా పూర్తి మాటలతో చదువు మొదలుపెట్టాలని ఆయన వాదన. 1844లో 31 మంది బోస్టన్ మాస్టార్లు దాన్ని వ్యతిరేకిస్తూ గట్టిగా జవాబిచ్చారు. 1886లో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ కాటెల్ ప్రయోగాలు మాన్ వైపు మొగ్గినట్టు కనిపించాయి. ఒక చిన్న మాటను గుర్తించడానికి ఇంచుమించు ఒక అక్షరానికి పట్టేంత సమయమే పడుతుందని ఆయన చూపించాడు. కానీ అది చదవడం వచ్చిన పెద్దవాళ్ల సంగతి. ఈత వచ్చినవాడు ఎలా ఈదుతున్నాడో చూసి, రానివాణ్ణి అలాగే నీళ్లలోకి దింపితే ఎలా?

1936లో అమెరికా విద్యావేత్త ఎడ్వర్డ్ డాల్చ్ 220 మాటల జాబితా ఇచ్చాడు. 'ది', 'ఆఫ్', 'వాజ్', 'సెడ్' లాంటివి. పిల్లల పుస్తకాల్లో పదేపదే తగిలే మాటలివి, చూడగానే పట్టేయాలి. అందులో నామవాచకాలు లేవు. కుక్కకు బొమ్మ వేయొచ్చు, మరి 'ఆఫ్'కి ఏం బొమ్మ వేస్తాం? అందుకే టీచర్లు మాట ఆకారం చుట్టూ గీత గీశారు, 'లుక్' అనే మాటలోని రెండు ఓ అక్షరాలకు కనుపాపలు పెట్టారు. ఆ రోజుల్లోనే అమెరికా బడి వాచకాల్లోని డిక్, జేన్ అనే పిల్లల పాఠాలు పేజీ నిండా బొమ్మ వేసి, కింద అవే నాలుగు మాటలను తిప్పి తిప్పి చదివించాయి. ఇలాగైతే పిల్లలకు చదవడం రాదని 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ పుస్తకమే రాశాడు.

1967లో పరిశోధకుడు జే శామ్యూల్స్ బొమ్మ ఉన్న మాటలను, లేని మాటలను పిల్లలకు నేర్పి చూశాడు. పరీక్షలో బొమ్మలు తీసేస్తే, బొమ్మ లేకుండా నేర్చుకున్నవాళ్లే మెరుగ్గా చదివారు. అదే ఏడాది కెన్ గుడ్‌మన్ అనే ఇంకో పరిశోధకుడు చదవడమంటే ఊహించే ఆటే అన్నాడు. తరగతి గదుల్లో ఎక్కువగా నిలిచింది ఆ రెండో మాటే. "బొమ్మ చూసి చెప్పమ్మా" అనడం తేలిక కదా.

నన్ను బాగా కదిలించింది మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ గఫ్ బృందం చేసిన ప్రయోగం. చదవడం ఇంకా రాని పిల్లలకు కొన్ని కార్డుల మీద మాటలు నేర్పారు. ఒక కార్డు మూలన వేలిముద్ర ఉంది. ఆ మాటను పిల్లలు అన్నిటికన్నా త్వరగా నేర్చేసుకున్నారు. వేలిముద్ర లేకుండా అదే మాట చూపిస్తే సగం మందైనా చెప్పలేకపోయారు. ఉత్త వేలిముద్ర చూపిస్తే దాదాపు అందరూ ఆ మాట చెప్పేశారు! పిల్లల తప్పేం లేదు. వాళ్లకు తేలిగ్గా దొరికిన గుర్తును పట్టుకున్నారు, అంతే.

అయితే బొమ్మలన్నీ తీసి పారేయాలా? అక్కర్లేదు. 1984లో పరిశోధకురాలు లిన్నియా ఎరీ, ఆమె సహచరులు అక్షరాన్నే బొమ్మలో కలిపేశారు. 'ఎఫ్' గీతే పువ్వు కాడ, 'ఎస్' వంపే పాము. అలా నేర్చుకున్న పిల్లలకు అక్షరం, ధ్వని రెండూ బాగా గుర్తున్నాయి. అదే పువ్వు బొమ్మను అక్షరంతో కలపకుండా వేస్తే ఆ లాభం రాలేదు. కొమీనియస్ పాము తిరిగొచ్చిందనిపిస్తుంది నాకు.

డాల్చ్ మాటలకూ ఇప్పుడు చాలామంది టీచర్లు ఇదే దారి పట్టారు. 'సెడ్' తీసుకోండి. పలికేది మూడు ధ్వనులు, కాబట్టి కాగితం మీద మూడు గడులు. మొదటి గడిలో 'ఎస్', చివరి గడిలో 'డి'. ఈ రెండింటితో ఏ పేచీ లేదు. మధ్య గడిలో 'ఎ', 'ఐ' కలిసి అనుకోని ధ్వని పలుకుతున్నాయి, అందుకే దాని మీద మాత్రం చిన్న గుండె గుర్తు, ఆ ముక్కను 'బై హార్ట్' చేయాలని. పిల్లాడు ఒక్కో గడి మీద వేలు పెడుతూ పలుకుతాడు, కాగితం బోర్లించి చూడకుండా రాస్తాడు. తర్వాత గుండె గుర్తు లేని కాగితం ఇచ్చి మళ్లీ చదవమంటారు.