ముందు ఎండుటాకులు పోగెయ్యండి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. వంటింటి చెత్తతో ఇంట్లోనే ఎరువు చేస్తామనగానే పెద్దవాళ్లు "కంపు కొడుతుంది, పురుగులు పడతాయి" అంటారు. కంపు రావడానికి కారణం చెత్త కాదు, గాలి ఆడకపోవడం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా సులువు.

కూరగాయ తొక్కుల్లో ఎక్కువ భాగం నీళ్లే. వాటిని ఒట్టిగా కుప్పేస్తే నీరు ఊరి సందులన్నీ మూసుకుపోతాయి. గాలితో పనిలేని సూక్ష్మజీవులు చేరి కుళ్లబెడతాయి. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ లాంటి డంపింగ్ యార్డుల్లో మీథేన్ అనే వాయువు పుట్టేదీ ఇలాగే. గాలి అందితే వేరే జీవులు పనిలోకి దిగి, కంపు లేకుండా ఎరువు చేస్తాయి.

అందుకే బకెట్ కన్నా ముందు ఎండుటాకులు వెతకండి. వేప, బాదం, మామిడి, ఏవైనా సరే, గోనెసంచి నిండా ఉండాలి. అపార్ట్‌మెంట్లో ఉంటే వాచ్‌మన్ అంకుల్‌ని అడగండి, ఊడ్చిన ఆకులు తగలబెట్టకుండా మీకిస్తారు. తొక్కుల్లో నైట్రోజన్ ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. ఎరువు చేసే జీవులకి ఒక వంతు నైట్రోజన్‌కి సుమారు 30 వంతుల కార్బన్ కావాలి. మీరేమీ లెక్కలు కట్టనక్కర్లేదు, గుప్పెడు తొక్కులకి రెండు గుప్పెళ్ల ఆకులు వేస్తే చాలు.

20 లీటర్ల పాత పెయింట్ బకెట్ శుభ్రంగా కడిగి, చుట్టూ, అడుగున, మూతకీ పెన్సిల్ పట్టేంత రంధ్రాలు పెట్టించండి. కాల్చిన మేకుతో చేసే ఆ పని మాత్రం పెద్దవాళ్లదే. రెండు ఇటుకల మీద నిలబెట్టి, కింద పళ్లెం పెట్టండి. అడుగున నాలుగు వేళ్ల మందాన ఆకులు, పైన గుప్పెడు తోట మట్టి. కొందరు పుల్లమజ్జిగ కూడా చిలకరిస్తారు. నన్నడిగితే మట్టి చాలు.

తోటకూర కాడలు, వంకాయ తొడిమలు, టీ పిప్పి, అరటి తొక్కలు చిన్నగా తుంచి వేసి, వెంటనే ఆకులు కప్పండి. బీరపొట్టు ముందు పచ్చడికి ఇవ్వండి, మిగిలితేనే బకెట్‌కి. పాలు, నూనె, చేపముళ్లు వద్దు, ఎలుకలు వస్తాయి. మామిడి టెంకలు ఓ పట్టాన కరగవు.

వారానికి రెండుసార్లు కర్రతో అడుగుదాకా కలపండి. గుప్పెట పట్టి పిండితే చేతికి తడి తగలాలి, నీళ్లు కారకూడదు. కారితే ఇంకాసిని ఆకులు వేయండి. తెల్లటి బూజు కనిపిస్తే సంతోషించండి, ఆకుల్లోని గట్టి పీచుని విడగొట్టేది అదే. లావుపాటి గోధుమరంగు పురుగులు కనిపించినా టెన్షన్ పడొద్దు. చాలావరకు అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. కుట్టవు, కరవవు, తొక్కుల్ని గబగబా తినేస్తాయి. అమ్మకి చిరాకనిపిస్తే ఆకులు పెంచి కాస్త ఆరనివ్వండి, తగ్గిపోతాయి.

బకెట్ నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. రెండు మూడు నెలలకి మూత తీస్తే తొలకరి వాన పడ్డ నేల వాసన వస్తుంది. నేలకి ఆ వాసననిచ్చే యాక్టినోమైసీట్లు అనే జీవులే ఇక్కడా ఉంటాయి. జల్లెడ పట్టి, మిగిలిన ముక్కలు పాలకి తోడు వేసినట్టు రెండో బకెట్లో వేయండి. వట్టి ఎరువులో మొక్క నాటొద్దు, ఒక వంతుకి మూడు వంతుల మట్టి కలపండి.

వేపాకు రాలే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొదలుపెట్టారంటే, జూన్ వానలకి బెండ గింజలు పెట్టే వేళకి ఎరువు చేతికొస్తుంది.

మీ తాతయ్య