సూపర్‌కంప్యూటర్లకు కరెంటు లెక్క ఎప్పుడు మొదలైంది?

సూపర్‌కంప్యూటర్ గొప్పదా కాదా అంటే చాలాకాలం చూసింది స్పీడొక్కటే. ప్రపంచంలోని 500 మేటి సూపర్‌కంప్యూటర్లతో 1993లో మొదలైన టాప్500 జాబితా ర్యాంకులిచ్చేదీ దాన్ని బట్టే. వేడితో తంటా మాత్రం అంతకు చాలా ముందే ఉంది: 1976 నాటి క్రే-1 దాదాపు 115 కిలోవాట్లు లాగేది, దాన్ని చల్లబరచడానికి అప్పటి ఫ్రిజ్‌లలో వాడే ఫ్రియాన్‌నే మెషీన్ లోపల తిప్పేవాళ్లు.

అయినా ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చారంటే, ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ అది తినే కరెంటు కూడా తగ్గుతూ వచ్చింది కాబట్టి. 1974లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్ బృందం చెప్పింది ఇదే. 2005 ప్రాంతానికి ఆ సుఖం కాస్తా అయిపోయింది.

ఈలోగా అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌లో వూ-చున్ ఫెంగ్ అనే శాస్త్రవేత్తకు ఓ క్లస్టర్ (ఒకే మెషీన్‌లా పనిచేసేలా కలిపిన కంప్యూటర్ల గుంపు) ఉండేది, ఎండాకాలం వస్తే చాలు మాటిమాటికీ చతికిలపడేది. విసుగొచ్చి 2002లో తక్కువ కరెంటు తినే 240 ప్రాసెసర్లతో గ్రీన్ డెస్టినీ అనే సూపర్‌కంప్యూటర్ కట్టాడు. దుమ్ముకొట్టుకుపోయిన గోడౌన్, ఏసీ లేదు, లోపల 30 డిగ్రీలు. మొత్తం లాగింది 3.2 కిలోవాట్లు, అంటే ఒక పెద్ద గీజర్ అంత! స్పీడు లేదని మాట పడ్డా అది ఆగకుండా నడిచింది. ఒక్కో వాట్‌కి ఎంత పని జరిగిందో చూసే గ్రీన్500 జాబితాను 2007లో మొదలుపెట్టింది కూడా ఆయనే, కిర్క్ కామెరాన్‌తో కలిసి.

నాకు అన్నిటికంటే నచ్చింది వేడినీళ్ల సంగతి. జర్మనీలో 2012లో వచ్చిన సూపర్‌ఎంయూసీ అనే సూపర్‌కంప్యూటర్‌ని 40 డిగ్రీల నీళ్లతో చల్లబరిచారు. వినడానికి వింతే గానీ, చిప్ అంతకంటే బాగా వేడిగా ఉంటుంది కదా, ఆ నీళ్లు సరిపోతాయి. చల్లటి నీళ్లే కావాలంటే చిల్లర్లు (నీళ్లను చల్లబరిచే మెషీన్లు) నడపాలి, వాటి కరెంటు వేరే. బయటికొచ్చే నీళ్లు మామూలు గాలికే చల్లారిపోతే ఆ ఖర్చంతా మిగిలినట్టే.

అమెరికా ఇంధన శాఖ ఎక్సాస్కేల్ మెషీన్‌కి, అంటే సెకనుకు వంద కోట్ల ఇంటూ వంద కోట్ల లెక్కలు చేసేదానికి, 20 మెగావాట్లని గీత గీసుకుంది. 2022లో అమెరికాలోని ఓక్‌ రిడ్జ్‌ ల్యాబ్‌లో వచ్చిన అలాంటి మెషీన్ ఫ్రాంటియర్ 21 దగ్గర ఆగింది. అక్కడే 2009లో నంబర్ వన్ అయిన జాగ్వార్‌తో పోలిస్తే స్పీడు 600 రెట్ల పైమాటే, కరెంటు మూడు రెట్లు. మొత్తం బిల్లయితే పెరిగింది, ఆ మాట ఎవరూ గట్టిగా అనరు. ఫిన్లాండ్‌లో ఒక పాత కాగితం మిల్లులో పెట్టిన లూమి అనే సూపర్‌కంప్యూటర్ మాత్రం జలవిద్యుత్తుతో నడుస్తూ, తన వేడిని చుట్టుపక్కల ఇళ్లను వెచ్చబరచడానికి పంపిస్తోంది.