ఉలుకూ పలుకూ లేని కంప్యూటర్

పోయిన మే నెలలో ఒక సాయంత్రం ఖమ్మం నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. గాలిదుమారానికి కరెంటు పోయి రెండు గంటల తర్వాత వచ్చిందట, అప్పటినుంచి షాపులో కంప్యూటర్ బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదట. ఆయనది జిరాక్స్ షాపు, అదీ హాల్ టికెట్లు, అప్లికేషన్ల సీజన్. టెన్షన్‌తో గొంతు వణుకుతోంది. మెకానిక్ వచ్చి పక్క మూత తీసి, "బోర్డు మీద పచ్చ లైటు వెలుగుతోంది, అంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి కరెంటు అందుతోంది, కాబట్టి పోయింది మదర్‌బోర్డే" అని తేల్చేశాడట. 8 వేలు అవుతుందన్నాడు. ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి సరిపడేలా మార్చి ఇచ్చే డబ్బా, మదర్‌బోర్డు అంటే భాగాలన్నీ తగిలించే పెద్ద బోర్డు.

వింటే సబబుగానే ఉంది కదా! కానీ అందులో ఒక పొరపాటు ఉంది, ఆ పొరపాటు వల్లే బాగున్న బోర్డులు పాత సామాన్ల బండెక్కుతుంటాయి. అదేమిటో తెలియాలంటే ముందు ఆ బటన్ సంగతి తెలియాలి.

మన ఇంట్లో ఫ్యాన్ స్విచ్ వేస్తే తీగ కలుస్తుంది, కరెంటు పారుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది. పాత కంప్యూటర్లలోనూ అలాగే ఉండేది, గోడలోంచి వచ్చే 230 వోల్టులు నేరుగా ముందున్న స్విచ్ దాకా వచ్చేవి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొత్త పద్ధతి తెచ్చాక ఆ స్విచ్ పోయింది. ఇప్పుడు మనం నొక్కే బటన్ వెనక ఉండేది రెండు సన్నటి తీగలు, అంతే. నొక్కినప్పుడు అవి ఒక్క క్షణం తాకుతాయి. దాన్ని చూసి మదర్‌బోర్డు "లేవమంటున్నారు" అని అర్థం చేసుకుని ఎస్‌ఎంపీఎస్‌ని అడుగుతుంది, ఎస్‌ఎంపీఎస్ ఒప్పుకుంటే అప్పుడు అసలు కరెంటు వదులుతుంది. అంటే బటన్ చేసేది కబురు పెట్టడం ఒక్కటే.

మరి ఆపేసి ఉన్న బోర్డు ఆ కబురు ఎలా వింటుంది? ఇక్కడే ఉంది కిటుకంతా. ప్లగ్ పెట్టి వెనక స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్‌లో ఒక చిన్న భాగం నిద్రపోదు. ఊదా రంగు తీగలో ఎప్పుడూ 5 వోల్టులు పంపుతూనే ఉంటుంది. దీన్ని స్టాండ్‌బై అంటారు. బోర్డు మీద ఆ పచ్చ లైటు వెలిగేదీ, బటన్ కోసం కాచుకుని కూర్చునే చిప్ బతికుండేదీ దీనితోనే. బటన్ నొక్కగానే ఆ చిప్ ఆకుపచ్చ తీగని నేలకి, అంటే నల్ల తీగ ఉండే సున్నా వోల్టులకి, లాగుతుంది. అది చూసి ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టులు మొదలుపెట్టి, అవి నిలకడగా ఉన్నాయని నమ్మకం కుదిరాక, సెకనులో పదో వంతు నుంచి సగం లోపు, బూడిద రంగు తీగలో "ఇక కానివ్వు" అని చెబుతుంది. ఆ మాట అందేదాకా ప్రాసెసర్ ఒక్క అడుగు కూడా వేయదు. ఇన్ని చేతులు మారాలి, కంప్యూటర్ లేవాలంటే.

ఆదివారం ఖమ్మం వెళ్లి మీటర్ బయటికి తీశాను. ఇది కొన్ని వందల రూపాయల మామూలు మల్టీమీటర్. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చి బోర్డుకి గుచ్చుకునే కనెక్టర్‌లో నల్ల పుల్ల నల్ల తీగ వెనక, ఎర్ర పుల్ల ఊదా తీగ వెనక దూర్చాను. 4.75కీ 5.25కీ మధ్య ఎంతైనా చూపించొచ్చు. అది 3.6 చూపించింది, అదీ నిలబడలేదు, 3.4కి దిగుతూ మళ్లీ ఎక్కుతూ ఉంది. బోర్డు మీద పచ్చ లైటు మాత్రం చక్కగా వెలుగుతూనే ఉంది! ఎందుకంటే ఆ బుల్లి ఎల్‌ఈడీకి దాదాపు 2 వోల్టులు చాలు. కాపలా చిప్‌కి అవి చాలవు. మెకానిక్ చూసింది నిజమే, లైటు వెలుగుతోంది. కానీ ఎంత కరెంటు వస్తోందో ఆ లైటు చెప్పలేదు.

సరే, రెండు గంటల ముందు దాకా బ్రహ్మాండంగా నడిచిన ఎస్‌ఎంపీఎస్ కరెంటు పోయి వచ్చేసరికి ఎందుకు పడకేసింది? చాలామంది హై వోల్టేజీ కొట్టింది అనుకుంటారు, అది కూడా జరుగుతుంది, న్యూట్రల్ తెగితే ఇంటికి 230 బదులు 400 దాకా రావచ్చు. కానీ బాబాయి షాపులో బల్బులు, ప్రింటర్, ఫ్యాను అన్నీ క్షేమం. నా అనుమానం అంతా కెపాసిటర్ మీదే, అంటే కరెంటుని కాసేపు దాచి అందించే చిన్న డబ్బీ మీదే. స్టాండ్‌బై భాగంలో చిటికెన వేలి కొనంత ఉండే కెపాసిటర్లు ఉంటాయి, లోపల తడి కాగితం లాంటి చుట్ట, ఆ తడి ఏళ్ల తరబడి వేడికి ఆరిపోతూ వస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని లెక్క. మే నెల ఖమ్మంలో, గోడకి ఆనించి, దుమ్ము పట్టిన డబ్బాలో దాని పరిస్థితి ఊహించండి. తడి ఆరేకొద్దీ అది కరెంటుకి అడ్డుపడుతుంది, అయితే వెచ్చగా ఉన్నప్పుడు ఆ అడ్డు కాస్త తక్కువ. రాత్రీ పగలూ ప్లగ్‌లోనే ఉంటే లోపల వెచ్చగా ఉండి ఎలాగో నెట్టుకొస్తుంది. రెండు గంటలు కరెంటు పోయి చల్లబడిందా, మళ్లీ లేవలేదు. "నిన్నటిదాకా బాగానే ఉంది, కరెంటు పోయి వచ్చాకే ఇలా" అని ఎవరైనా అన్నారంటే నా చెయ్యి ముందు ఊదా తీగ వైపే పోతుంది. జబ్బు ఎప్పటిదో, బయటపడింది మాత్రం ఆ రోజు.

వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించాం, ఒక్క నొక్కుకే లేచింది. బాబాయి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "మరి ఆ 8 వేలో?" అన్నాడు.

అయితే మీటర్ దాకా వెళ్లేముందు చూడాల్సినవి ఉన్నాయి, ఇవి చిన్నవే కానీ ఎక్కువ సార్లు దొరికేది ఇక్కడే. అదే ప్లగ్‌లో సెల్ ఛార్జర్ పెట్టి చూడండి. యూపీఎస్ పక్కనపెట్టి నేరుగా గోడకి పెట్టండి. సీపీయూ వెనక చిన్న స్విచ్ ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఆఫ్ అయి ఉంటుంది. పవర్ కేబుల్ మార్చండి, మానిటర్ పవర్ కేబుల్ సాధారణంగా అదే రకం కాబట్టి ఇంట్లోనే ఇంకోటి ఉన్నట్టే. ఇవయ్యాక ప్లగ్ పీకేసి బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకుని, కాసేపాగి మళ్లీ పెట్టండి. ఇది మంత్రం కాదు. ఏదైనా షార్ట్ వాసన తగిలితే ఎస్‌ఎంపీఎస్ తనంతట తాను తలుపు వేసుకుని, లోపల మిగిలిన కరెంటు పూర్తిగా దిగేదాకా తెరవదు. దాన్ని దింపుతున్నామన్నమాట.

బటనే పాడైందేమో అన్న అనుమానం తీర్చుకోవడం ఇంకా తేలిక. ముందు ప్యానెల్ నుంచి వచ్చే ఆ రెండు తీగలు బోర్డు మీద ఎక్కడ గుచ్చారో మాన్యువల్‌లో చూసి, వాటిని పీకి, ఆ రెండు పిన్నులనీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. లేచిందంటే కంప్యూటర్‌కి ఏమీ కాలేదు, పోయింది బటన్. అక్కడ ఉండేది 5 వోల్టుల లోపే, షాక్ కొట్టదు. పక్క పిన్నులకి తగలకుండా చూసుకుంటే చాలు.

ఇంకో రకం ఉంది. బటన్ నొక్కగానే ఫ్యాన్ ఒక్కసారి కదిలి, ఠక్కున ఆగిపోతుంది. దీన్ని చూసి భయపడతారు కానీ నాకైతే ఇది మంచి కబురు, ఎందుకంటే బటన్, స్టాండ్‌బై, ఆకుపచ్చ తీగ అన్నీ పనిచేస్తున్నట్టే, అసలు కరెంటు వదలగానే ఎక్కడో షార్ట్ కనిపించి ఎస్‌ఎంపీఎస్ ఆపేసింది. ప్రతిసారీ ప్లగ్ పీకి గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కులు, ముందున్న యూఎస్‌బీ తీగ ఒక్కొక్కటీ తీసేస్తూ, మళ్లీ ప్లగ్ పెట్టి నొక్కి చూడండి. ఏది తీస్తే నిలబడిందో దొంగ అదే. ముందు యూఎస్‌బీ పోర్టులోకి ఒకసారి టార్చ్ కొట్టి చూడటం మరిచిపోవద్దు, లోపలి రేకులు వంగి ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. అన్నీ తీసినా ఆగిపోతుంటే బోర్డు కింద జారిపడ్డ స్క్రూ కోసం వెతకండి. అదీ లేకపోతే అప్పుడు బోర్డుని అనుమానించొచ్చు.

ఫ్యాన్లు తిరుగుతూ స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటే అది వేరే జబ్బు, ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెట్టడం దగ్గర మొదలవుతుంది.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం విప్పకండి. పైన చెప్పిన చిన్న కెపాసిటర్ నాలుగు రూపాయలదే కావచ్చు, కానీ దాని పక్కనే పెద్ద కెపాసిటర్ ఉంటుంది. 230 వోల్టుల ఏసీని డీసీ చేస్తే 325 అవుతుంది, ప్లగ్ పీకాక కూడా అది కాసేపు అందులోనే దాక్కుని ఉంటుంది. ప్రాణం తీసేంత కరెంటు అది. ఆ పని అలవాటున్న చేతులకే వదిలేయండి.

ఇంకొకటి, పాత ఎస్‌ఎంపీఎస్‌లలో వెనకవైపు గోరంత ఎర్ర స్విచ్ ఉండేది, ఒకవైపు 115, ఇంకోవైపు 230. అమెరికా కరెంటు 120 వోల్టులు కదా, అక్కడ 115లో ఉంచాలి, అప్పుడు లోపలి సర్క్యూట్ వచ్చిన వోల్టేజీని రెట్టింపు చేసుకుంటుంది. అలాంటి దాన్ని అక్కడినుంచి ఇంటికి తెచ్చి అలాగే ప్లగ్ పెడితే మన 230ని కూడా రెట్టింపు చేయబోతుంది, సుమారు 650 వోల్టులు, 200 వోల్టుల కోసం చేసిన ఒక్కో కెపాసిటర్ మీద 325 పడి టపాకాయలా పేలుతుంది. ఇప్పుడొచ్చే వాటిలో చాలావరకు 100 నుంచి 240 దాకా తమంతట తామే సర్దుకుంటాయి. పాత పెట్టె ఏదైనా అటక మీద నుంచి దింపితే మాత్రం ప్లగ్ ముట్టుకోకముందే వెనక్కి తిప్పి ఆ ఎర్ర స్విచ్ మీద ఏ అంకె కనిపిస్తోందో చూడండి.