ఫార్మాట్ కొట్టారు సరే, డి డ్రైవ్ చూశారా?

మొన్న రిటైర్డ్ టీచరమ్మ ఒకావిడ పాత లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని షాపుకొచ్చారు. పనిమనిషి కూతురు డిగ్రీలో చేరిందట, ఆ పిల్లకిద్దామని. "మావాడు ఫార్మాట్ కొట్టేశాడు బాబూ, నువ్వు కీబోర్డ్ ఒక్కటి మార్చు చాలు" అన్నారు. మార్చి ఆన్ చేశాను. కొత్త విండోస్, డెస్క్‌టాప్ తళతళలాడుతోంది. అలవాటు కొద్దీ డి డ్రైవ్ తెరిచాను. పెన్షన్ కాగితాలు, భార్యాభర్తలిద్దరి ఆధార్, పాన్ స్కాన్లు, ప్లాటు రిజిస్ట్రేషన్ డాక్యుమెంటు, వాటి పక్కనే "పాస్‌వర్డ్స్" అని ఒక ఎక్సెల్ షీటు. స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాను. పాపం, మొహం పాలిపోయింది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయాక పాత లాప్‌టాప్‌లు చేతులు మారడం పెరిగింది. వాటితో పాటు ఈ తప్పూ పెరిగింది.

అపోహ: ఫార్మాట్ కొడితే అన్నీ పోతాయి.

మన దగ్గర ఫార్మాట్ అంటే సి డ్రైవ్‌లో విండోస్ మళ్లీ ఎక్కించడమే. "ముఖ్యమైనవి డి డ్రైవ్‌లో పెట్టుకోండి, ఫార్మాట్ కొట్టినా పోవు" అని ఇరవై ఏళ్లుగా కస్టమర్లకు నేర్పింది మా సర్వీసు వాళ్లమే. ఇప్పుడు ఆ సలహానే కొంప ముంచుతోంది.

పోనీ డి డ్రైవ్ కూడా క్విక్ ఫార్మాట్ చేశారనుకోండి. పహాణీలో పేరు కొట్టేస్తే పొలం మాయమవుతుందా? పంట అలాగే ఉంటుంది, ఇంకొకరు దున్నేదాకా. హార్డ్ డిస్క్ కూడా అంతే. ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక పోతుంది కానీ, పైన కొత్తది రాసేదాకా ఫైల్ అక్కడే ఉంటుంది. ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంటర్ కుర్రాడైనా బయటికి తీస్తాడు.

నాకిది తెలిసింది పుస్తకాల్లో చదివి కాదు. పని నేర్చుకునే రోజుల్లో ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌ని నేనే సి డ్రైవ్ వరకు కొట్టి అమ్మాను. రెండ్రోజులకు కొన్నతను ఫోన్ చేశాడు. "అన్నా, ఇందులో ఎవరిదో సీమంతం ఆల్బమ్ ఉంది, ఏం చెయ్యమంటవ్?" మంచివాడు కాబట్టి ఫోన్ చేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరైన పద్ధతి విండోస్‌లోనే ఉంది. ముందు కావలసినవన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, నాలుగు ఫైళ్లు తెరిచి చూసి, ఆ డిస్క్ పీకి పక్కన పెట్టండి. ఛార్జర్ పెట్టండి. సెట్టింగ్స్‌లో రికవరీ కింద ఉండే రీసెట్ దిస్ పీసీలో రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకోండి. అందరూ ఇక్కడే నెక్స్ట్ కొట్టేస్తారు. ఆగండి. చేంజ్ సెట్టింగ్స్ నొక్కితే వచ్చేవాటిలో రెండు స్విచ్‌లు చూసుకోండి: ఒకటి డేటాను క్లీన్ చేయమంటారా (అంటే పాత ఫైళ్ల పైన రాసి తుడిచెయ్యమంటారా) అని, ఇంకొకటి అన్ని డ్రైవ్‌ల ఫైళ్లూ తీసెయ్యమంటారా అని. రెండూ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటాయి. రెండూ ఆన్ చేయాలి. 1 టీబీ హార్డ్ డిస్క్‌కి గంటల కొద్దీ పడుతుంది. పది నిమిషాల్లో అయిపోయిందంటే ఏదో ఒక స్విచ్ మర్చిపోయారన్నమాట.

హార్డ్ డిస్క్ బదులు చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీకి ఇలా పైన రాసే పద్ధతిని పూర్తిగా నమ్మలేం. దాని కంపెనీ ఇచ్చే టూల్‌లోనో, కొన్ని లాప్‌టాప్‌ల బయోస్‌లోనో (విండోస్ మొదలవక ముందు తెరుచుకునే సెటప్) సెక్యూర్ ఎరేజ్ ఉంటుంది, అది వాడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. విండోస్ పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమా వద్దు. డిస్క్‌లోని డేటాకే తాళం వేసే బిట్‌లాకర్ లాంటి ఎన్‌క్రిప్షన్ లేకపోతే డిస్క్ ఊడదీసి వేరే సిస్టమ్‌కి తగిలిస్తే పాస్‌వర్డ్ అడిగేవాడే ఉండడు. "ఆన్ కావట్లేదు కదా, పాత సామాన్లవాడికి ఇచ్చేశాం" అనేవాళ్లకూ ఇదే జవాబు: చాలాసార్లు చచ్చేది బోర్డు, డిస్క్ కాదు. నాలుగు స్క్రూలు విప్పి డిస్క్ ఇంట్లో ఉంచుకోండి. ఇక, 35 సార్లు తుడిస్తే తప్ప పోదని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌ని దయచేసి నాకు పంపకండి. అది 1996 నాటి డిస్క్‌ల మీద రాసిన పేపర్ నుంచి పుట్టిన మాట. ఇప్పటి హార్డ్ డిస్క్‌కి ఒక్కసారి పూర్తిగా పైన రాస్తే చాలు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతంతో రుద్దితే ఏమీ కాదు.

ఇప్పటికే ఇచ్చేసి టెన్షన్ పడుతున్నవాళ్లు ముందు వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్‌లోంచి ఆ లాప్‌టాప్‌ని తీసేయండి, గూగుల్ అకౌంట్‌లోంచి కూడా దాన్ని సైన్ అవుట్ చేయండి, బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చండి. తీసుకున్నది తెలిసినవాళ్లే అయితే మొహమాటపడకుండా ఒక్క పూటకి వెనక్కి అడగండి.

టీచరమ్మ లాప్‌టాప్‌కి నాలుగున్నర గంటలు పట్టింది. ఆవిడ మధ్యలో ఇంటికెళ్లి భోంచేసి మళ్లీ వచ్చి కూర్చున్నారు. అయ్యాక డి డ్రైవ్ తనే తెరిచి చూసుకుని, "ఇప్పుడు ఆ పిల్లకి తెలుగు టైపింగ్ పెట్టివ్వు" అన్నారు.